టేక్‌డౌన్ లాంగ్‌బో లింబులకు కోసి ఇచ్చే అచ్చు కిట్: వాడిన మీదట నా అంచనా

ఇంట్లో సొంతంగా టేక్‌డౌన్ లాంగ్‌బో (ముక్కలుగా విడదీసి మళ్ళీ బిగించుకునే పొడవాటి విల్లు) చేసుకోవాలనుకునే వారికి విల్లు కన్నా ముందు ఎదురయ్యే పెద్ద పని అచ్చు తయారీ. పలచని కర్ర పొరలకూ ఫైబర్‌గ్లాస్ పట్టీలకూ ఎపాక్సీ పూసి, ఒకదానిపై ఒకటి పేర్చి, అచ్చు ఒంపుకు అదిమిపెట్టి ఉంచితే, జిగురు గట్టిపడ్డాక ఆ ఒంపే లింబుకు, అంటే విల్లులో వంగే చేయికి, శాశ్వతంగా నిలిచిపోతుంది. అందువల్ల అచ్చులో ఉన్న లోపం ఏదైనా నేరుగా లింబులోకి దిగుతుంది. ఆ తరువాత ఎంత చిత్రిక పట్టినా, ఎంత రుద్దినా అది పూర్తిగా పోదు. ఈ అచ్చును యంత్రంతో ముక్కలుగా కోసి, బోల్టులు, గాలి గొట్టం, నమూనా చిత్రంతో సహా అమ్మే ఒక కిట్‌ను కొని, బిగించి, దానిపై లింబులు అతికించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు ప్రస్తావించడం లేదు. ఇదే తరహా కిట్‌ను ఎవరి దగ్గర కొన్నా చూసుకోవలసిన విషయాలు ఇవే గనుక పేరు లేకపోయినా పాఠకుడికి లోటు ఉండదు.

కిట్‌లో అచ్చుకు కింది దిమ్మ, పై దిమ్మ అని రెండు భాగాలుంటాయి. ఒక్కో దిమ్మ 18 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ పొరలు మూడు కలిస్తే తయారవుతుంది కాబట్టి అచ్చు వెడల్పు 54 మి.మీ. వస్తుంది. అతికించబోయే లింబు వెడల్పు ఒకటి ముప్పావు అంగుళం, అంటే సుమారు 44 మి.మీ. గనుక రెండు పక్కలా తగినంత చోటు మిగులుతుంది. పొరలను సరిచూసి పేర్చడానికి డోవెల్ చీలలు, రెండు దిమ్మలను కలిపి పట్టడానికి ఉక్కు పట్టీలు, 10 మి.మీ. బోల్టులు, పై దిమ్మకూ పొరలకూ మధ్య పరచి, గాలితో ఉబ్బించి పొరలను ఒత్తడానికి చదునైన అగ్నిమాపక గొట్టం, దాని చివరలు మూసే లోహపు బిళ్ళలు, గాలి ఎక్కించే వాల్వు, కింది దిమ్మపై అంటించే రబ్బరు పట్టీ, అసలు కొలతతో ముద్రించిన కాగితపు నమూనా, ఒక చిన్న సూచనల పుస్తకం కూడా ఉన్నాయి. కర్ర పొరలు, ఫైబర్‌గ్లాస్, జిగురు, రైజర్ (లింబులను బిగించే, చేత్తో పట్టుకునే మధ్య భాగం) మాత్రం మనమే సమకూర్చుకోవాలి. గ్లాసుకు (ఫైబర్‌గ్లాస్ పట్టీలకు) గార్డన్ కంపోజిట్స్ వారి బో-టఫ్, జిగురుకు స్మూత్-ఆన్ వారి ఈఏ-40 విల్లు తయారు చేసేవారిలో బాగా పేరు పొందిన సరుకులు. కిట్ వీటిని దృష్టిలో పెట్టుకుని చేసినదేనని కొలతలను బట్టి తెలుస్తుంది.

ప్లైవుడ్ ఎంపిక విషయంలో తయారీదారును మనసారా మెచ్చుకోవాలి. ఇదే పనికి చాలామంది ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) వాడతారు. ఎండీఎఫ్ నునుపుగా తెగుతుంది, చవకగా దొరుకుతుంది. అయితే బోల్టు రంధ్రాల దగ్గర నలుగుతుంది, తేమ తగిలితే ఉబ్బుతుంది, జిగురు గట్టిపడేందుకు వాడే వేడి పెట్టెలో పదే పదే పెట్టి తీస్తుంటే అంచులు విచ్చుకుంటాయి. సన్నని పొరలు ఎక్కువగా ఉన్న బర్చ్ ప్లైవుడ్‌కు ఈ బాధలు తక్కువ. నాకు వచ్చిన ముక్కల్లో లోపల ఖాళీలు ఎక్కడా కనిపించలేదు. అచ్చు ఉపరితలం కింద ఒక పొరలో చిన్న ఖాళీ ఉన్నా ఒత్తిడికి ఆ చోట పల్లం పడుతుంది కాబట్టి, కొన్నవారు ఎవరైనా బిగించే ముందు అంచులన్నీ దీపం పట్టి చూసుకోవడం మంచిది.

ఇక ఒంపు సంగతి. విలుకాడి వైపు ఉండే ముఖాన్ని పొట్ట అనీ, లక్ష్యం వైపు ఉండే ముఖాన్ని వీపు అనీ అంటారు. ఈ అచ్చులో లింబు పొట్ట కిందికి ఉండేలా పడుకుంటుంది. మొదలు (రైజర్‌కు బిగించే చివర) దగ్గర కొంత మేర కచ్చితంగా చదును, అక్కడినుంచి నెమ్మదిగా కిందికి వాలే ఒంపు, ఆ తరువాత చివర మళ్ళీ పైకి లేచే ఎదురొంపు, ఇదీ దాని స్వరూపం. మొదలు పొట్ట కిందికి ఉండడం యాదృచ్ఛికం కాదు. మూడు ముక్కల టేక్‌డౌన్‌లో లింబు మొదలు పొట్ట వైపే రైజర్ మీద కూర్చుంటుంది. ఆ ముఖం ఎంత చదునుగా ఉంటే బోల్టు బిగించినప్పుడు అంత నిలకడగా ఉంటుంది. గట్టి దిమ్మకు ఆనిన ముఖం దిమ్మ ఆకారాన్నే తీసుకుంటుంది, గొట్టానికి ఆనిన ముఖం గొట్టం ఒత్తిన తీరును తీసుకుంటుంది. వీపును కింద పెట్టే నమూనాల్లో రైజర్ మీద కూర్చోవలసిన ముఖం గొట్టం వైపు పడి, తరువాత దాన్ని చేత్తో చదును చేసుకోవలసి వస్తుంది. ఈ కిట్‌లో ఆ అవస్థ లేదు. మొదలు దగ్గర పొరల మధ్య పెట్టే ఆప్పు (వెడ్జ్) ముక్క వల్ల వచ్చే ఎత్తును గొట్టం తనంతట తానే సర్దుకుంటుంది.

పై దిమ్మ ఒంపును కింది ఒంపు నుంచి అన్నిచోట్లా లంబంగా సమాన దూరం ఉండేలా లెక్కగట్టి కోశారు. ఇంట్లో కోసుకునేవారు సాధారణంగా ఒకే గీత వెంట పలకను రెండుగా కోసి, పై ముక్కను కావలసినంత పైకి జరిపి ఊరుకుంటారు. అలా చేస్తే చదును చోట 25 మి.మీ. ఉన్న సందు, 20 డిగ్రీలు వాలిన చోట 23.5 మి.మీ. అవుతుంది. గాలి గొట్టం ఆ తేడాను సులువుగా భరిస్తుంది కాబట్టి లాంగ్‌బో వరకు ఇది పెద్ద విషయం కాదు. అయినా సందు అంతటా సమానంగా ఉంటే గొట్టం అంతటా ఒకే మేర ఉబ్బుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది.

టేక్‌డౌన్ అచ్చును తూకం వేయవలసిన అసలు విషయం మాత్రం ఒంపు కన్నా అడ్డం చదును అని నా దృఢమైన అభిప్రాయం. ఒకే ముక్కగా చేసే లాంగ్‌బోకు అచ్చు పొడవునా రెండు సగాలు ఉంటాయి. ఎడమ సగం, కుడి సగం ఒకదానికొకటి ప్రతిబింబంలా ఉండకపోతే పై లింబూ కింది లింబూ వేరు వేరు ఒంపులతో వస్తాయి. టేక్‌డౌన్‌కు ఆ బెడద లేదు. ఒకే అచ్చు మీద రెండు లింబులు ఒకదాని తరువాత ఒకటి అతుకుతాయి కాబట్టి, నిలువు ఒంపులో రవ్వంత తేడా ఉన్నా అది రెండింట్లోనూ ఒకేలా వస్తుంది, విల్లు సమంగానే ఉంటుంది. అందుకే నిలువు ఒంపు విషయంలో టేక్‌డౌన్ అచ్చు చాలా ఉదారమైనది.

అడ్డంగా మాత్రం పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. అచ్చు ఉపరితలం మొదలు దగ్గర మట్టంగా ఉండి, చివరికి వచ్చేసరికి ఒక పక్కకు వాలిందనుకోండి. అతికిన లింబు మెలి తిరిగి ఉంటుంది. ఒకే ముక్క విల్లులో అచ్చు రెండు చివరలూ ఒకే పక్కకు వాలితే రెండు కొసలూ ఒకే వైపు తిరుగుతాయి. నారి మొత్తంగా ఒక పక్కకు జరుగుతుంది, కొసల గాడులను కాస్త సర్దితే కొంత వరకు దారికి వస్తుంది. టేక్‌డౌన్‌లో రెండో లింబును రైజర్ కింది కొసకు బిగించేటప్పుడు దాన్ని సగం చుట్టు తిప్పి పెడతాం. తిప్పినప్పుడు మెలిక తీరు మారదు గానీ దాని వాలు అవతలి పక్కకు వస్తుంది. పై కొస ఎడమకు తిరిగితే కింది కొస కుడికి తిరుగుతుంది. నారి రైజర్‌ను ఐమూలగా దాటుతుంది. గాడులతో దీన్ని సరిచేయడం కష్టం, చేసినా లింబులు లాగిన ప్రతిసారీ మెలికపడుతూనే ఉంటాయి. కాబట్టి ఈ రకం కిట్‌ను సమీక్షించేటప్పుడు కొలవవలసిన మొదటి సంగతి ఇదే. సూచనల పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

దీన్ని కొలిచే పద్ధతి చాలా తేలిక. అంచులు కచ్చితంగా తిన్నగా ఉన్న రెండు కర్రపట్టీలు, ఒక్కొక్కటి 30 సెం.మీ. పొడవున్నవి తీసుకుని, ఒకదాన్ని అచ్చు మొదలు మీద, ఇంకోదాన్ని కొస మీద అడ్డంగా పెట్టాలి. మొదలు వైపు వంగి, కన్ను అచ్చు మట్టానికి తెచ్చి, ముందున్న పట్టీ పై అంచు మీదుగా వెనకున్న పట్టీ పై అంచును చూడాలి. రెండు అంచులూ ఒకదానికొకటి సమాంతరంగా కనిపిస్తే అచ్చులో మెలిక లేనట్టు. 54 మి.మీ. వెడల్పు మీద 0.18 మి.మీ. వాలు కంటికి కనిపించదు, మూలమట్టం పెట్టినా తేలికగా దొరకదు. అదే వాలు 30 సెం.మీ. పట్టీ మీద 1 మి.మీ. అవుతుంది, వెలుతురు బాగున్న చోట అది స్పష్టంగా తెలిసిపోతుంది. వెనక పట్టీకి ముదురు రంగు, ముందు పట్టీకి లేత రంగు వేసుకుంటే ఇంకా తేలిక. ఆ తరువాత వెనక పట్టీని రెండేసి అంగుళాలు ముందుకు జరుపుతూ పొడవంతా చూడాలి, ఎందుకంటే కొస దగ్గర సరిగా ఉండి మధ్యలో వాలిన అచ్చులు కూడా ఉంటాయి.

నాకు వచ్చిన కిట్‌లో యంత్రం కోసిన అంచులు విడివిడిగా చూస్తే చక్కగా నిలువుగా ఉన్నాయి. చిక్కు పొరలను పేర్చే దగ్గర వచ్చింది. డోవెల్ రంధ్రాలు చీలల కన్నా కొద్దిగా వదులుగా ఉండడం వల్ల మూడు పొరలూ ఒకే మట్టానికి రాక, మధ్య పొర పక్క పొరల కన్నా సన్నగా పైకి నిలిచింది. వేలి గోటితో అడ్డంగా గీస్తే మెట్టు తగిలేది. ఇలాంటి అచ్చు మీద రబ్బరు పట్టీ వేసి అలాగే వాడితే లింబు మధ్యలో పొడవునా సన్నని గాడి పడుతుంది. అందుచేత చీలలను నమ్ముకోకుండా, చదునైన రాతి పలక మీద ఒంపు అంచు ఆనేలా పొరలను మూడు నాలుగు చోట్ల కర్ర ముక్కలతో సరిచూసి, జిగురు ఆరేలోగా క్లాంపులు వేసి, ఆరిన తరువాత అచ్చు ఒంపులకు తగ్గ పొడవాటి కర్రకు గరుకు కాగితం అంటించి, మూలమట్టం పెట్టి చూసుకుంటూ రుద్దడం నేను ఎంచుకున్న పద్ధతి. రుద్దే ముందు ఉపరితలమంతా పెన్సిల్‌తో అడ్డగీతలు గీస్తే, గీతలు ఎక్కడ చెరిగాయో, ఎక్కడ మిగిలాయో చూసి ఎత్తుపల్లాలు తెలుసుకోవచ్చు. పని నెమ్మదిగా సాగుతుంది. అయితే కిట్ కొన్నంత మాత్రాన ఈ పని తప్పదని ముందే తెలిసి ఉండాలి. రంధ్రాలను కాస్త బిగుతుగా వేస్తే కొనేవారికి ఈ శ్రమలో సగం తప్పేది.

ఒత్తిడి ఏర్పాటు ఈ కిట్‌కు బలం. గొట్టంలో చదరపు అంగుళానికి 60 పౌండ్ల గాలి ఎక్కిస్తే, ఒకటి ముప్పావు అంగుళం వెడల్పూ 36 అంగుళాల పొడవూ ఉన్న పొరల దొంతర మీద పడే మొత్తం బలం 3,780 పౌండ్లు, అంటే 1,700 కిలోల పైమాటే. ఆ బలం అంతా రెండు దిమ్మలను విడదీయాలని చూస్తుంది కాబట్టి పట్టీలూ బోల్టులూ నాసిరకంవి అయితే ప్రమాదం. ఇందులో ఆరు అంగుళాలకు ఒక జత ఉక్కు పట్టీలు ఉన్నాయి. లెక్క వేస్తే ఒక్కో జత మీద 630 పౌండ్లు, ఒక్కో పట్టీ మీద అందులో సగం పడుతుంది. 10 మి.మీ. బోల్టుకు అది బరువే కాదు. పై దిమ్మ ఎక్కడా 10 సెం.మీ. కన్నా పలచన కాకుండా ఉంచినందువల్ల మధ్యలో వంగడం కూడా కనిపించలేదు. బోల్టులు నేరుగా ప్లైవుడ్‌ను ఒత్తకుండా వెడల్పాటి వాషర్లు ఇవ్వడం చిన్న విషయమే అయినా ఆలోచించి చేసిన పని.

క్లాంపులతో పోలిస్తే గాలి గొట్టం ఎందుకు మేలో ఒక మాట చెప్పాలి. క్లాంపు ఆనిన చోట ఒత్తిడి ఎక్కువ, రెండు క్లాంపుల మధ్య తక్కువ; ఆ హెచ్చుతగ్గులు జిగురు పొర మందంలో కనిపిస్తాయి. గాలి మాత్రం ఆనిన ప్రతి చదరపు అంగుళాన్నీ సమానంగానే ఒత్తుతుంది. అతికిన లింబు పక్క అంచును రుద్ది చూస్తే జిగురు గీతలు వెంట్రుక మందంతో, మొదలు నుంచి కొస దాకా ఒకేలా ఉన్నాయి. మరీ ఎక్కువ ఒత్తిడి కూడా మంచిది కాదు. జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. 60 పౌండ్లు సరిపోతుందని పుస్తకం చెప్పిన మాట సబబే.

అయితే పుస్తకం చెప్పని ముఖ్యమైన సంగతి ఒకటుంది. గొట్టాన్ని 25 డిగ్రీల దగ్గర 60 పౌండ్లకు నింపి, వాల్వు మూసి, అచ్చును 75 డిగ్రీల సెల్సియస్ వేడి పెట్టెలో పెడితే లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి సుమారు 72 పౌండ్లకు చేరుతుంది. వేడి పెట్టెలో కంప్రెసర్ గొట్టం తగిలించి ఉంచి రెగ్యులేటర్ నడుపుతుంటే ఈ సమస్య రాదు. మూసి పెట్టేవారు మాత్రం 50 దగ్గర ఆపాలి. గొట్టం ముగింపు బిళ్ళల లోపలి అంచులు కోసినవి కోసినట్టే పదునుగా వదిలేశారు. గాలి ఎక్కినప్పుడు గొట్టం ఆ అంచుకు ఆనుకుని ఒరుసుకుంటుంది కాబట్టి ఆకురాయితో గుండ్రం చేయనిదే వాడకూడదు. అలాగే గొట్టాన్ని ఎన్నడూ అచ్చు బయట నింపి పరీక్షించకూడదు, నింపేటప్పుడు అచ్చు కొసలకు ఎదురుగా నిలబడకూడదు. ఈ చివరి రెండు హెచ్చరికలు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండవలసినవి. చివరి పేజీలో ఒక మూల సన్నగా అచ్చు వేశారు.

కింది దిమ్మపై వేయడానికి ఇచ్చిన రబ్బరు పట్టీ నాకు నచ్చలేదు. దిమ్మలోని చిన్న చిన్న లోపాలను మెత్తని పట్టీ కప్పిపుచ్చుతుందన్నది తయారీదారు ఉద్దేశం కావచ్చు. మెత్తని పట్టీ ఒత్తిడికి అంతటా ఒకే మేర నొక్కుకుపోదు, పొట్ట గ్లాసు మీద సన్నని అలలు మిగులుస్తుంది; ఆప్పు ముక్క ముగిసే చోట మరీను. రబ్బరును పక్కన పెట్టి, బల్లల పైన అతికించే సన్మైకా పట్టీని నిగనిగలాడే ముఖం పైకి ఉండేలా దిమ్మపై అంటించాక గ్లాసు అద్దంలా చదునుగా వచ్చింది. దాని మీద మైనం రుద్ది, పైన వంటింటి ప్లాస్టిక్ పొర పరిస్తే కారిన ఎపాక్సీ దిమ్మకు అంటదు. మైనం రుద్దిన చేత్తో కర్ర పొరలను తాకకూడదు. మైనం అంటిన చోట జిగురు పట్టదు. గొట్టానికీ వీపు గ్లాసుకూ మధ్య లింబు వెడల్పులోనే ఒక పలచని ఉక్కు పట్టీ పెట్టడం అవసరం, లేకపోతే గొట్టం నేత గుర్తులు గ్లాసు మీద పడతాయి. కిట్‌లో ఆ పట్టీ ఇవ్వలేదు.

జిగురు పూసిన పొరలు సబ్బు రాసినట్టు జారుతాయి. గాలి ఎక్కే మొదటి క్షణాల్లోనే దొంతర పక్కకు తోసుకుపోవడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యే చికాకు. దీనికి కిట్‌లో చేసిన ఏర్పాటు చాలా బాగుంది. దిమ్మ రెండు పక్కలా మూడేసి చోట్ల నిలువు చీలలు నిలబడతాయి, వాటి మధ్య దూరం సరిగ్గా లింబు వెడల్పుకు ప్లాస్టిక్ పొర మందం కలిపినంత. మొదలు దగ్గర లింబు అసలు పొడవుకు అవతల పడే చోట పొరలన్నిటినీ గుచ్చి పట్టే చీల ఇంకొకటి ఉంది. దాని వల్ల దొంతర పొడవు దిశలో కూడా జరగదు. దిమ్మ రెండు కొసల్లో మధ్య గీత దగ్గర సన్నని గాడి కోసి ఉంచారు. అతికిన లింబును దిమ్మ మీద నుంచి తీయకముందే ఆ గాడుల ఆధారంగా లింబు మీద మధ్య గీత గుర్తు పెట్టుకోవచ్చు. ఈ గీత తప్పితే ఆ తరువాత కొస సన్నం చేయడం, గాడులు కోయడం, బోల్టు రంధ్రం వేయడం అన్నీ తప్పుతాయి కాబట్టి ఈ ఒక్క గాడి కోసం తయారీదారుకు కృతజ్ఞత చెప్పవచ్చు.

వేడి పెట్టె కిట్‌లో భాగం కాదు, పుస్తకం మాత్రం దాని గురించి అరపేజీ రాసింది. అందులో పెట్టె గాలి వేడి గురించే చెప్పారు. ప్లైవుడ్ వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. గాలి వేడి 75 డిగ్రీలకు చేరిన చాలాసేపటికి గానీ లోపలి జిగురు గీత ఆ వేడికి రాదు. థర్మామీటర్ కొనను పొరల దొంతర పక్కనే పెట్టి, అక్కడ వేడి చేరినప్పటి నుంచి జిగురు తయారీదారు చెప్పిన సమయాన్ని లెక్కించాలి. చల్లబడేటప్పుడు కూడా పెట్టెలోనే నెమ్మదిగా చల్లారనివ్వాలి, ఒత్తిడి తీయడానికి తొందరపడకూడదు.

పొరల మందం గురించి పుస్తకంలోని పట్టిక ఉపయోగకరమే గానీ దాన్ని అక్షరాలా నమ్మకూడదు. లింబు బిగువు మందం యొక్క ఘనాన్ని (మూడో ఘాతాన్ని) బట్టి పెరుగుతుంది. దొంతర మొత్తం మందం 0.4 అంగుళం అయితే, అందులో 0.008 అంగుళం తేడా, అంటే రెండు శాతం, విల్లు లాగే బరువును సుమారు ఆరు శాతం మారుస్తుంది; 28 అంగుళాల లాగుడు దగ్గర 50 పౌండ్లు రావలసిన విల్లు 53కు పోతుంది. కర్ర జాతి, కొస వైపు సన్నబడే తీరు, లింబు వెడల్పు, వీటిలో ఏది మారినా పట్టిక మారుతుంది. అంగుళం పొడవుకు 0.002 అంగుళం సన్నబడే పొరలతో పట్టికను లెక్కించారని ఒక మూల రాశారు, 0.001 సన్నబడే పొరలు వాడేవారికి అవే అంకెలు పనికిరావు. కాస్త మందంగా అతికించి, తరువాత వెడల్పు తగ్గించి, పక్కలు రుద్ది కావలసిన బరువుకు దింపుకోవడమే క్షేమం. గ్లాసు రుద్దేటప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి మంచి మాస్కు లేకుండా ఆ పనికి దిగకూడదు.

ఫలితం విషయానికి వస్తే, దిమ్మను సరిచేసుకున్నాక వచ్చిన లింబులు నాకు పూర్తి సంతృప్తినిచ్చాయి. కాలిపర్‌తో కొలిస్తే ఎడమ అంచుకూ కుడి అంచుకూ మందంలో తేడా అంగుళంలో వెయ్యో వంతుల్లో రెండు మూడుకు మించలేదు. రైజర్‌కు బిగించి నారి ఎక్కించాక, నారి రెండు లింబుల మధ్య గీతల మీదుగా, రైజర్ మధ్య నుంచి తిన్నగా సాగింది. రెండింటి ఒంపులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే సందు లేకుండా కలిశాయి. ఇక్కడే టేక్‌డౌన్ అచ్చు అసలు విలువ తెలుస్తుంది: అదే దిమ్మ మీద పలచని పొరలతో ఇంకో జత అతికిస్తే అదే రైజర్‌కు తేలికపాటి లింబులు వస్తాయి, రైజర్ పొడవు మారిస్తే అవే లింబులతో 62 నుంచి 66 అంగుళాల వరకు వేరు వేరు పొడవుల విల్లులు వస్తాయి.

ఒకే ఒక్క విల్లు చేసుకుని ఆగిపోదలచిన వారికి ఈ కిట్‌ను నేను సిఫారసు చేయను. లాంగ్‌బో ఒంపు మెత్తనిది. కింది దిమ్మ ఒక్కటే కోసుకుని, సైకిల్ ట్యూబును పట్టీలుగా కత్తిరించి దొంతరను దిమ్మతో కలిపి గట్టిగా చుట్టినా మంచి లింబులు వస్తాయి. చుట్టే చేతి బిగువు అంతటా ఒకేలా ఉండాలి, పక్క చీలలు పెట్టడం కుదరదు, అంతే తేడా. రౌటర్ (కర్ర అంచులు కోసే చేతి యంత్రం) ఉండి, 6 మి.మీ. పలక మీద ఒంపును ఓపికగా నునుపు చేసుకుని, ఆ పలక వెంట బేరింగ్ బిట్‌తో ఒక్కో పొరా కోసుకోగల వారు అచ్చు మొత్తం ఇంట్లోనే చేసుకోవచ్చు. వారికి ఈ కిట్‌లోంచి నిజంగా కావలసినవి పట్టీలు, గొట్టం, నమూనా మాత్రమే. ఆ నమూనా కాగితం వాతావరణంలోని తేమను బట్టి సాగుతుంది, కుంచించుకుపోతుంది కాబట్టి అంచున ముద్రించిన కొలత గీతను ఉక్కు స్కేలుతో సరిచూశాకే పలకకు అంటించాలి. రౌటర్ లేనివారికి, వేరు వేరు బరువుల లింబులు చేసుకోవాలనుకునే వారికి, నలుగురు కలిసి ఒకే అచ్చు వాడుకునే బృందాలకు మాత్రం ఈ కిట్ పెట్టిన ఖర్చుకు తగినదే.

తయారీదారు తరువాతి విడతలో ఒక్క మార్పే చేయగలిగితే, దిమ్మను కొస వైపు ఇంకో రెండు అంగుళాలు పొడిగించమని అడుగుతాను. ఇప్పుడు లింబు కొసకు అవతల మిగిలే చోటు అంగుళం మాత్రమే. గొట్టం తన చివరి బిళ్ళ దగ్గర పూర్తిగా ఉబ్బదు, అక్కడ ఒత్తిడి సన్నగిల్లుతుంది. ఆ బలహీనమైన మేర లింబు కొస మీదికే వస్తోంది. కొస పలచన, నారి గాడి పడేదీ అక్కడే, బాణం వదిలినప్పుడు దెబ్బ తగిలేదీ అక్కడే. ప్రస్తుతానికి లింబు చివర సన్నని ఉక్కు పట్టీని రెండు అంగుళాలు బయటికి ఉంచి, దాని మీద ఒక క్లాంపు అదనంగా వేసి నెట్టుకొస్తున్నాను.